జీతం లేని కుర్చీ

బెంగళూరులో యాభై దాటిన మన తెలుగువాళ్ళకు ఈమధ్య ఒక కొత్త రకం పిలుపు వస్తోంది. పెళ్ళిపిలుపు కాదు, గృహప్రవేశం కాదు. "మా సంస్థ బోర్డులోకి రండి" అని. ఐటీలో పాతికేళ్ళు గొడ్డుచాకిరీ చేసి, పిల్లల్ని ఒక దారిలో పెట్టి, సర్జాపూర్ రోడ్డు ఫ్లాటు లోను తీర్చేసుకున్న మనిషికి ఆ మాట వింటే ప్రాణం లేచొస్తుంది. పిలిచే సంస్థకు ఒక ఆఫీసు ఇందిరానగర్‌లో ఉంటే ఇంకొకటి జెనీవాలోనో వాషింగ్టన్‌లోనో ఉంటుంది. అది చేసే పని ప్రపంచానికి నాయకులను తయారుచేయడం. లాభం తీసుకోదు. బోర్డులో కూర్చునేవాళ్ళకు జీతం ఇవ్వదు.

మా అన్న కొడుక్కు పోయిన ఏడాది ఇట్లాంటి పిలుపే వచ్చింది. "అత్తా, ఒక్క పైసా తీసుకోను. నా టైమిస్తా, నా అనుభవమిస్తా, పైగా ఎదురు డొనేషన్ కూడా ఇస్తా. ఇంతకంటే నిష్కామ కర్మ ఇంకేముంటుంది చెప్పు" అన్నాడు. వేళాకోళానికి అన్లేదు. వాడు ఆదివారాలు జయనగర్‌లో గీత క్లాసుకు పోతాడు. నేను కంపెనీ సెక్రటరీని కాబట్టి ఇదేదో చట్టం సంగతి అనుకుని నాకు ఫోన్ చేశాడు. నాకు మాత్రం అది చట్టంతో తేలే ప్రశ్నగా కనిపించలేదు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాను గానీ, ట్రస్టులూ సెక్షన్ 8 కంపెనీలూ మినిట్స్ రాయడానికి నన్ను పిలుస్తూనే ఉంటాయి. పెద్ద బల్లకు ఆ చివర కూర్చుంటాను. అందరూ మాట్లాడిందంతా రాసుకుంటాను, ఇంటికొచ్చి అందులో ముప్పాతిక కొట్టేసి తీర్మానం మాత్రం మిగిలిస్తాను. అందువల్ల బోర్డు అంటే ఏమిటో వేదిక మీది నుంచి కాకుండా బల్ల చివరి నుంచి నాకు తెలుసు.

చట్టం చెప్పేది సూటిగా ఉంటుంది. లాభం పంచుకోని కంపెనీలకు 2013 కంపెనీల చట్టంలో 8వ సెక్షన్, అంతకుముందు 1956 చట్టంలో 25వ సెక్షన్. మిగులు ఎంత వచ్చినా ఆశయానికే ఖర్చు పెట్టాలి, సభ్యులు డివిడెండు పంచుకోకూడదు. ట్రస్టు సంగతి ఇంకా పాతది. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ ప్రైవేటు ట్రస్టుల కోసం రాసిందే అయినా అందులోని రెండు నియమాలను ధర్మసంస్థలు కూడా తలమీద పెట్టుకుంటాయి. పత్రంలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప ట్రస్టీకి ప్రతిఫలం లేదు. ట్రస్టు ఆస్తిని ట్రస్టీ తన లాభానికి వాడుకోకూడదు.

ఇంతవరకు మావాడు చెప్పింది నిజమే. కానీ వేదాంతం చదివేవాళ్ళు రెండు బంధాలు చెబుతారు. అనుభవించేది నేను అనుకోవడం ఒకటి, చేసేది నేను అనుకోవడం ఇంకొకటి. భోక్తృత్వం, కర్తృత్వం. చట్టం మొదటిదాన్ని కత్తిరించింది. రెండోదాని జోలికి పోలేదు, పోవడం దాని చేతిలో లేదు. నేను చూసినంతలో, మొదటిది లేదు కాబట్టే రెండోది ఇంకాస్త బలుస్తుంది. జీతం తీసుకునేవాడికి నెలాఖరున ఒక సందేహమైనా వస్తుంది, నేను చేసింది ఈ డబ్బుకు సరిపోయిందా అని. జీతం లేనివాడికి ఆ సందేహం కూడా ఉండదు. ఊరికే చేస్తున్నాను కదా!

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. బోర్డు మెంబరు తనను ఆ రెండో పక్షి అనుకుంటాడు. పండు ముట్టడం లేదు, నిజమే. కానీ చూస్తూ ఊరుకోడు, తినే పక్షికి ఎట్లా తినాలో వర్క్‌షాపు పెడతాడు. ఉపనిషత్తులో అట్లాంటి మూడో పక్షి లేదు.

పైగా పండు రూపాయల్లోనే ఉండాలని ఎక్కడుంది? పేరు కింద "గ్లోబల్ బోర్డ్ మెంబర్" అని రాసుకోవడం ఒక పండు. విదేశీ సమావేశంలో మెడలో వేసే ట్యాగు ఒక పండు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్ళు ఉగాదికి పిలిచి శాలువా కప్పడం ఒకటి. డైరెక్టర్లు ప్రతి ఆర్థిక సంవత్సరం మొదటి మీటింగులో ఎంబీపీ-1 అనే ఫారం ఇవ్వాలి, తమకు ఏయే సంస్థల్లో సంబంధాలూ వాటాలూ ఉన్నాయో రాసి. ఆ ఫారాలు ఎన్నో దాఖలు చేయించాను. పొగడ్తలో వాటా ఉందని రాసుకోవడానికి అందులో గడి లేదు.

ఒక మీటింగు సంగతి చెబుతాను. సంస్థ పేరు వద్దు. అజెండాలో నాలుగో అంశం ఆడిట్ రిపోర్టు. ఆడిటరు రెండు అభ్యంతరాలు రాశాడు. ఒక ప్రాజెక్టుకు వచ్చిన డబ్బు ఇంకో ప్రాజెక్టుకు వాడారు, ఇద్దరు ట్రైనర్ల ప్రయాణ బిల్లులకు వోచర్లు లేవు. టీ చల్లారే లోపల అది పాసైపోయింది. ఏడో అంశం వార్షిక నివేదిక అట్ట. అట్ట వెనక బోర్డు సభ్యుల ఫొటోలు ఏ వరసలో ఉండాలి? వయసును బట్టా, చేరిన తేదీని బట్టా, పేరులో మొదటి అక్షరాన్ని బట్టా? గంట దాటి నడిచింది చర్చ. ఎప్పుడూ నోరు మెదపని ఒక పెద్దాయన కూడా ఆరోజు మాట్లాడారు. చివరికి అక్షరక్రమం అన్నారు. ఇంటిపేరులో అక్షరమా అసలు పేరులోదా అని మరునాడు మళ్ళీ ఫోన్లు. మినిట్స్‌లో నేను రాసింది ఒక్క వాక్యం, "వార్షిక నివేదిక రూపకల్పన ఆమోదించబడినది" అని.

వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఒకావిడ సొంత డబ్బుతో ఒక బడికి మరుగుదొడ్లు కట్టించింది, ఎవరికీ చెప్పలేదు. ఒకాయన రైల్లో సెకండ్ ఏసీ దాటి ప్రయాణించేవాడు కాదు. డబ్బు దగ్గర నిప్పులాంటి మనుషులు. ఫొటో దగ్గరికి వచ్చేసరికి కరిగిపోయారు.

ఈ ప్రశ్న గురించి ఆలోచించేటప్పుడు నాకు మా ఊరాయన గుర్తొస్తాడు. మాది మదనపల్లె. బీటీ కాలేజీలో బీకాం చదివాను. బీటీ అంటే బెసెంట్ థియొసాఫికల్, 1915లో మొదలైన కాలేజీ. టాగూరు 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి తిప్పింది అక్కడే అని మా ఊరివాళ్ళు ఎవరు దొరికినా చెబుతారు. అదే ఊళ్ళో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గురించి అంత ఉత్సాహంగా చెప్పరు. ఆయనకు తెలుగు నిలవలేదు. చిన్నవయసులోనే ఇంగ్లండు తీసుకుపోయారు, మాతృభాష మరిచిపోయాడు. మనం ఆయన్ను సగం మరిచిపోయాం. లెక్క సరిపోయింది.

తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో తహసీల్దారుగా చేసి రిటైరైనవాడు. 1909లో పిల్లల్ని తీసుకుని మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చాడు. అక్కడి సముద్రపు ఒడ్డున సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ కృష్ణమూర్తిని చూసి, రాబోయే జగద్గురువుకు పాత్ర దొరికాడన్నాడు. 1911లో ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ పుట్టింది, దాని అధిపతి పదిహేను పదహారేళ్ళ కుర్రవాడు. నా పిల్లల్ని నాకిప్పించండని తండ్రి సమాజం అధ్యక్షురాలు అనీ బెసెంట్ మీద కేసు వేసి మద్రాసులో గెలిచాడు, 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్‌లో ఓడాడు. ఆ తహసీల్దారు బాధ గురించి ఎవరూ పెద్దగా రాయరు. జగద్గురువు తండ్రినన్నా ఎవరూ వినిపించుకోలేదు, నా కొడుకన్నా వినిపించుకోలేదు.

ఇప్పుడు బెంగళూరులో మనం చూసే నాయకత్వ సంస్థలన్నిటికీ ఆ ఆర్డర్ ఆఫ్ ది స్టార్ తాతలాంటి సంస్థ. పదుల వేల సభ్యులు, దేశదేశాల్లో శాఖలు, పత్రికలు, శిబిరాలు, హాలండులో ఎర్డే కోట, దాని చుట్టూ వేల ఎకరాలు. అన్నీ ఒక నాయకుడి కోసం. 1929 ఆగస్టు 3న అక్కడి ఓమెన్ శిబిరంలో, మూడు వేలమందికి పైగా సభ్యుల ముందు, అనీ బెసెంట్ వింటుండగా, ఆ నాయకుడు లేచి సంస్థను రద్దు చేశాడు. సత్యానికి దారి వేసి ఇచ్చే సంస్థ ఏదీ ఉండదని, తనకు అనుచరులు వద్దని చెప్పాడు. వేదాంతులు ఆ ఉపన్యాసం చదువుతారు. నేను ఆ తరువాతి పని చూస్తాను. ఎర్డే కోటా భూములూ వాటిని ఇచ్చిన బారన్ వాన్ పాలండ్‌కు తిరిగి వెళ్ళాయి. సంస్థ పోయిందన్న మాటతో పాటు ఆస్తి కూడా ఎవరిది వాళ్ళకు చేరింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు అదెంత అపురూపమో తెలుసు. మూతపడే సంస్థల్లో ఆశయం ముందు చచ్చిపోతుంది. ఆస్తి మాత్రం కోర్టులో బతికి ఉంటుంది.

కథ అక్కడితో అయిపోతే మావాడికి చెప్పడం తేలికయ్యేది, బోర్డులన్నీ వదిలెయ్యి అని. అయిపోలేదు. ఆయన ఇంకో యాభై ఆరేళ్ళు బతికాడు, ఊరూరూ తిరిగి మాట్లాడాడు. 1948లో బెంగళూరులో కూడా మాట్లాడాడు. మాట్లాడినవన్నీ పుస్తకాలయ్యాయి. పుస్తకాలకు కాపీరైటు కావాలి, బడులకు భూమి కావాలి, భూమికి పట్టా కావాలి. పట్టా సత్యం పేరు మీద ఇవ్వరు. కాలిఫోర్నియాలో కృష్ణమూర్తి రైటింగ్స్ అనే సంస్థ వచ్చింది, దాన్ని పాత మిత్రుడు డి. రాజగోపాల్ నడిపాడు. కృష్ణమూర్తి ఆ బోర్డు నుంచి తప్పుకుని, హక్కులన్నీ ఆయనకు అప్పజెప్పాడు. మళ్ళీ బోర్డులోకి వస్తానని అడిగితే రానివ్వలేదు. ఎవరి పేరు మీద సంస్థ ఉందో ఆయనకే అందులో కుర్చీ లేదు. 1968లో ఆ సంస్థతో తెగతెంపులు ప్రకటించాడు, కోర్టుకు పోయారు, 1974లో రాజీ కుదిరింది. రాజగోపాల్ కూతురు 1991లో తన తల్లిదండ్రుల వైపు కథ పుస్తకంగా రాసింది, అది చదివితే చిత్రం ఇంకోలా కనిపిస్తుంది. ఎవరి పక్షం న్యాయమో తేల్చడం నా పని కాదు. ఒకటి మాత్రం కనిపిస్తుంది. కుర్చీ మీద వైరాగ్యం ఉన్నవాడు కుర్చీని గాలికి వదిలేస్తే అందులో ఇంకొకరు కూర్చుంటారు. వైరాగ్యం వల్ల మినిట్స్ రాయడం మానకూడదు.

1968, 69, 70లలో ఇంగ్లండు, అమెరికా, ఇండియాల్లో కొత్త ఫౌండేషన్లు వచ్చాయి. వాటికి ట్రస్టీలు. పుపుల్ జయకర్ ఇండియా ఫౌండేషన్‌కు అధ్యక్షురాలు. భౌతికశాస్త్రంలో పేరున్న డేవిడ్ బోమ్ ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్క్ స్కూలు ట్రస్టీల్లో ఒకడు. ఇక్కడ కనకపుర రోడ్డులో తాతగుణి దగ్గర 1978లో వ్యాలీ స్కూలు మొదలైంది. మెట్రోలో సిల్క్ ఇన్‌స్టిట్యూట్ దాకా పోయి అక్కడినుంచి ఆటో ఎక్కితే చేరుకోవచ్చు. అదే రోడ్డులో ఇంకాస్త ముందుకు పోతే ఆర్ట్ ఆఫ్ లివింగ్ ఆశ్రమం వస్తుంది, ప్రపంచమంతా శాఖలున్న సంస్థ, గురువుగారు అక్కడే దర్శనమిస్తారు. గురువు ఉన్న చోటూ, గురువు వద్దన్న చోటూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. రెండిటికీ రిజిస్ట్రేషను ఉంది, రెండిటికీ ట్రస్టీలున్నారు.

వద్దన్న చోట ట్రస్టీ అయితే ఎట్లా ఉంటుందో ఊహించండి. 1986 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో కృష్ణమూర్తి ఆఖరి రోజుల్లో ఇండియా నుంచి, ఇంగ్లండు నుంచి ట్రస్టీలు వెళ్ళారు. ఆయన వాళ్ళకు చెప్పిన సారం ఇది. నాకు వారసులు లేరు. నా బోధకు వ్యాఖ్యాతలుగా ఎవరూ కూర్చోకూడదు. ఫౌండేషన్లకు బోధ విషయంలో అధికారం లేదు. చెడకుండా, వంకర పోకుండా కాపాడటం వరకే వాళ్ళ పని. ఫిబ్రవరి 17న పోయాడు.

ఇరవై ముప్పై ఏళ్ళు పక్కన తిరిగినవాళ్ళకు ఎంత కష్టమైన మాట! అందరికంటే దగ్గరగా విన్నారు, అయినా అర్థం చెప్పే హక్కు లేదు. తాళంచెవి చేతిలో ఉంది, పూజారి మాత్రం కాకూడదు. జగద్గురువు దగ్గర కూర్చుని వచ్చిన మనిషిని ఊళ్ళో నలుగురూ అడుగుతారు, ఆయన ఏమన్నాడు, దానర్థం ఏమిటి అని. చెప్పకుండా ఉండటానికి ఎంత బలం కావాలి? అందరూ ఉండగలిగారో లేదో నేను చెప్పలేను. కానీ ఏ ట్రస్టు డీడులోనూ ఇంతకంటే కఠినమైన షరతు నాకు కనిపించలేదు. డబ్బు తినొద్దన్న షరతు 1882 నుంచీ ఉంది. అర్థం చెప్పే గౌరవం కూడా తినొద్దన్నాడాయన. మావాడి ప్రశ్న అసలు గుచ్చుకోవలసింది ఇక్కడ. చట్టం తాకలేని కర్తృత్వం మీదకు ఒక మనిషి సూటిగా పోయాడు.

పదవిలో ఉండి కర్తృత్వం వదలడమన్న మాట వస్తే మన ఇళ్ళలో భరతుడి పేరు చెబుతారు. సింహాసనం మీద అన్న పాదుకలు పెట్టి, తాను నందిగ్రామంలో నారచీరలు కట్టుకుని, ప్రతి వ్యవహారమూ ముందు పాదుకలకు విన్నవించి రాజ్యం చేశాడు. గొప్ప కథ. కానీ భరతుడికి ఒక సదుపాయం ఉంది, పద్నాలుగేళ్ళ గడువు. మరునాడు అన్న రాకపోతే అగ్నిలో దూకుతానని ముందే చెప్పాడు. ఇప్పటి మాటలో చెప్పాలంటే పదవీకాలం రాసి పెట్టుకున్న ట్రస్టీ. మన సంస్థల్లో పాదుకలు ఉంటాయి, గడువు ఉండదు. రాముడు తిరిగిరాడు. కొన్నాళ్ళకు పాదుకలు ఎవరి కాలికి సరిపోతాయో చూసుకోవడం మొదలవుతుంది.

అది ఎంతదూరం పోతుందో బెంగళూరువాళ్ళకు రాజాజీనగర్ దగ్గరి హరేకృష్ణ గుడి చూస్తే తెలుస్తుంది. ఆ గుడి వెనకున్న ఇస్కాన్ 1966లో న్యూయార్క్‌లో పుట్టింది. దాన్ని స్థాపించిన ప్రభుపాదులు 1970లోనే ప్రపంచవ్యాప్త పాలకమండలి ఒకటి ఏర్పాటు చేశారు, 1977లో కన్నుమూశారు. ఆయన తరువాత దీక్ష ఇవ్వడానికి ఎవరికి అర్హత అన్న మాట దగ్గర ఇల్లు చీలింది. ఆ మాట దాకా పోలేక కోర్టులు గుడి ఎవరి పేరున ఉంది అన్న ప్రశ్న తీసుకున్నాయి. 2025 మే 16న సుప్రీంకోర్టు, ఆ గుడి కర్ణాటకలో రిజిస్టరైన బెంగళూరు సొసైటీదే, ముంబై సొసైటీది కాదు అని తీర్పు చెప్పింది. గురుపీఠం సంగతి కోర్టు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఇరుపక్కల భక్తులూ భక్తులే. కృష్ణుడిదైన గుడికి ఏ రిజిస్ట్రేషను నంబరు వర్తిస్తుందో తేల్చడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అయితే పని చేయకుండా కూర్చోవడమే దీనికి మందా? మావాడు ఇదే అడిగాడు. "ఏం చేసినా కర్తృత్వమేనంటే ఇంక బోర్డు ఎందుకత్తా, పాదుకలు చాలు కదా" అన్నాడు. నేను ఎం.ఎం. థామస్ పేరు చెప్పాను, వాడెప్పుడూ విన్లేదు. బెంగళూరులో ఉన్న మలయాళీ. పాస్టరు కాదు, బిషప్పు కాదు, మార్తోమా చర్చికి చెందిన మామూలు విశ్వాసి. ఇక్కడి క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది స్టడీ ఆఫ్ రెలిజియన్ అండ్ సొసైటీకి డైరెక్టరు. 1968 నుంచి 1975 దాకా వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ సెంట్రల్ కమిటీకి అధ్యక్షుడు. అంటే, ప్రపంచంలోని ప్రొటెస్టెంట్, ఆర్థొడాక్స్ చర్చిలు వందలాదిగా ఉన్న సంస్థకు, మహాసభకూ మహాసభకూ మధ్య దాన్ని నడిపే మండలికి, ఆయన పెద్ద.

1969లో ఆ కమిటీ కాంటర్‌బరీలో కూర్చుని జాత్యహంకారం మీద పోరాటానికి ఒక కార్యక్రమం పెట్టింది. మరుసటి ఏడాది, దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో తెల్లపాలనకు ఎదురు తిరిగిన విమోచన ఉద్యమాలకు ఆ నిధి నుంచి డబ్బు వెళ్ళింది, ఆయుధాలకు కాదు, మానవతా అవసరాలకు అనే మాట మీద. గొడవ మామూలుగా లేదు. చర్చి డబ్బు తుపాకులు పట్టినవాళ్ళకిస్తారా అన్నారు. తరువాతి ఏళ్ళలో సాల్వేషన్ ఆర్మీ ఆ కౌన్సిల్ నుంచే తప్పుకుంది. ఆ నిర్ణయం ఒప్పా తప్పా అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. నాకు ముఖ్యం అది కాదు. పొగడ్త రాదని, మిత్రులు పోతారని, డబ్బు తగ్గుతుందని తెలిసి బోర్డు చేసిన పని అది. ఇక్కడ ఎమర్జెన్సీ వచ్చినప్పుడు కూడా ఆయన నోరు మూసుకోలేదు. క్రైస్తవ పెద్దలు చాలామంది ఊరుకున్న రోజుల్లో దాన్ని వ్యతిరేకిస్తూ రాశాడు.

కృష్ణమూర్తి కుర్చీ వదిలేసినవాడు, థామస్ కుర్చీలో కూర్చున్నవాడు. ఇద్దరూ పేరు అనే పండును పక్కన పెట్టారని నా లెక్క. కర్తృత్వం పోయిందో లేదో బయటివాళ్ళకు తెలియదు, గీత చెప్పే అకర్తకు ముఖం మీద గుర్తేమీ ఉండదు. కానీ చిన్న కొలత ఒకటి ఉంది. ఏ తీర్మానం మీద సంతకం పెడితే తిట్లు తప్ప ఇంకేం రావో ఆ తీర్మానం అజెండాకు వచ్చినప్పుడు మనిషి ఎట్లా ప్రవర్తిస్తాడో చూడటం. నేను బల్ల చివర కూర్చుని చూసేది అదే. కొందరు ఆరోజు సెలవు చీటీ పంపిస్తారు. మినిట్స్‌లో "గైర్హాజరుకు అనుమతి ఇవ్వబడినది" అని రాస్తాను.

మన గుళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1987 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య ధర్మకర్తృత్వం రద్దయింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తాతల నాటి హక్కు పోవడం మంచిదేనని నేనంటాను. కానీ ఆ స్థానంలో వచ్చింది జీవో. ప్రభుత్వం మారితే బోర్డు మారుతుంది, ప్రమాణస్వీకారానికి ఫ్లెక్సీలు పడతాయి, దేవుడి ఫొటో కంటే ధర్మకర్త ఫొటో పెద్దదిగా. దేవుడు చట్టం దృష్టిలో వ్యక్తి, ఆస్తికి ఆయనే యజమాని అని మన కోర్టులు ఎప్పటినుంచో అంటున్నాయి. యజమాని ఫొటో చిన్నది, మేనేజరు ఫొటో పెద్దది. దీని మీద ఇంక వ్యాఖ్యానం ఎందుకు?

ప్రపంచ సంస్థల్లో ఇంకో విచిత్రం. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించారు. ఇప్పుడు బయటి దేశం నుంచి ఏ సంస్థకు విరాళం వచ్చినా ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలో పడాలి. పదాధికారులు ఆధార్ ఇవ్వాలి, విదేశీయులైతే పాస్‌పోర్టు. పరిపాలన ఖర్చు అంతకుముందు సగం దాకా ఉండొచ్చు, ఇప్పుడు ఇరవై శాతం దాటకూడదు. నాయకత్వ శిక్షణ అంటే ఎక్కువ భాగం జీతాలూ ప్రయాణాలూనే. ఏది కార్యక్రమం, ఏది పరిపాలన అని గీత గీయడం చాలా విసుగు పని. ఎక్సెల్ షీటు ముందు పెట్టుకుని, అకౌంటెంటుతో రెండు సాయంత్రాలు కూర్చోవాలి. ఎవరూ ఫొటో తీయరు. వసుధైక కుటుంబం మీద గంట మాట్లాడగలిగిన సభ్యులు ఈ అంశం రాగానే ఫోను చూసుకుంటారు. నా మటుకు నాకు ఆ ఎక్సెల్ షీటు దగ్గరే సేవ కనిపిస్తుంది. "చేసేది నేను" అనే మాటకు అక్కడ మేత దొరకదు. ఎంత బాగా చేసినా ఆ పని చేసింది ఎవరో ఎవరికీ గుర్తుండదు.

మావాడికి నేను పొమ్మనలేదు, వద్దనలేదు. ఆ సంస్థ నియమావళి తెప్పించుకుని చదివాం, ఇద్దరం మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని. బోర్డు సభ్యుడి పదవీకాలం ఎన్నేళ్ళో ఎక్కడా లేదు. వ్యవస్థాపకుణ్ణి తీసేసే అధికారం ఎవరికుందో లేదు. "నాయకత్వం" అన్న మాట మాత్రం ప్రతి పేజీలో ఉంది. వాడు వాళ్ళకు ఉత్తరం రాశాడు. మూడేళ్ళకు మించి ఉండనని, కార్యక్రమాల వైపు కాకుండా ఆడిట్ వైపు వేయమని, వెబ్‌సైటులో ఫొటో వద్దని. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోది ఒప్పుకోలేదు, దాతలు ముఖాలు చూడాలంటారట. వాడు చేరాడు. ఫొటో పెట్టారు. బాగానే వచ్చింది, మా అన్న వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపించాడు.

ఇది నిష్కామ కర్మేనా అని వాడు మళ్ళీ అడిగితే ఇప్పుడు కాదంటాను. జీతం లేకపోవడం దానికి చాలదు. మూడేళ్ళ తరువాత, ఎవరూ ఇంకా ఉండమని బతిమాలకపోయినా, లేదా అందరూ బతిమాలినా, అన్నమాట ప్రకారం లేచి వస్తే అప్పుడు ఆలోచిద్దాం.

మీకు కూడా ఇట్లాంటి పిలుపు వచ్చి ఉంటే, సంతోషంగా పొండి. మంచి మనుషులు పోకపోతే ఆ కుర్చీలు ఖాళీగా ఉండవు. కాకపోతే అంగీకారపత్రం, అదే డీఐఆర్-2 ఫారం, దాని మీద సంతకం పెట్టే ముందు పోయిన మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు అడిగి తెప్పించుకోండి. వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండే నోట్సు కూడా చదవండి. అట్లాగే కంపెనీల చట్టంలో 168వ సెక్షన్ ఒకసారి చూడండి. డైరెక్టరు రాజీనామా ఉత్తరం కంపెనీకి అందిన రోజు నుంచో, ఉత్తరంలో ఆయన రాసుకున్న తేదీ నుంచో, రెండిటిలో ఏది తరువాతైతే అప్పటినుంచి అమల్లోకి వస్తుంది. దానికి బోర్డు ఆమోదం అక్కర్లేదు.